ఏసుపాదం దిగిన గేటే లేచింది

బహుళ విదియ

ఈ పెట్టె మూత మళ్ళీ ఎప్పుడో తెరవబోయే మహానుభావుడికి, లేదా మహానుభావురాలికి, దిగువలంక లాకుల విభాగంలో జూనియర్ ఎలక్ట్రీషియన్ తన్మయి నమస్కరించి రాసుకుంటున్నది. గేట్ల తీగల మీద చెయ్యి వేసినవాళ్ళు ఏం చేశారో, ఎందుకు చేశారో పుస్తకంలో రాసి ఈ పెట్టెలోనే ఉంచాలని మన ఊరి నియమం. నాకు ముందు ఉన్నాయన పదకొండేళ్ళ సర్వీసులో ఒకే వాక్యం రాశారు. "అంతా బాగుంది." ఆ ఆత్మవిశ్వాసానికి జోహారు. నేను కొంచెం ఎక్కువే రాస్తాను.

అంతా బాగోలేదు. గేట్లకు లే, దిగు అని ఆజ్ఞలు పంపే అవుట్‌పుట్ కార్డు ఉప్పుగాలికి పోయిన నెల కన్ను మూసింది. పోటు వచ్చేటప్పుడు గేట్లు దించాలి, ఆటుకు ఎత్తి కాలువల్లో నీళ్ళు సముద్రంలోకి వదలాలి, రోజుకు రెండుసార్లు. ఇప్పుడు ఆ ఎనిమిది గేట్లనూ మనుషులే చక్రాలు తిప్పి ఎత్తుతున్నారు, దించుతున్నారు. గేటుకు పన్నెండుమంది. ఊళ్ళో భుజాలు నొప్పిలేని మగవాడూ లేడు, ఆడదీ లేదు. నన్ను మినహాయించారు, నా భుజాలు చూసి.

ఈ అమావాస్య పోటు ఏడాదిలోకల్లా పెద్దది. ఆ లోపు గేట్లు నమ్మకంగా పనిచేయకపోతే తూర్పుపేటలోని రెండొందల పది ఇళ్ళు ఖాళీ చేయించి, పేటకు ఇవతల రెండో గట్టు వేస్తామని ప్రెసిడెంటు ముత్యవేణి గారు చెప్పేశారు. అంటే పేటను సముద్రానికి రాసిచ్చినట్టే. తిరిగి వెళ్ళడమంటూ ఉండదు.

ఇంతలో మన గజ ఈతగాళ్ళు మునిగిపోయిన ఒక ఫ్యాక్టరీలోంచి సీలు తీయని డబ్బా తెచ్చారు. అందులో రెండు కార్డులు, పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. ఒకటే చిక్కు. చచ్చినది సోర్సింగ్ రకం, ఇవి సింకింగ్ రకం. సముద్రమట్టానికి మూడు మీటర్ల దిగువన బతుకుతున్న ఊరికి సింకింగ్ కార్డు పెడతానని కాగితం పెడితే ముత్యవేణి గారు చదివి, సింకింగ్ అంటే మునగడమని తెలుసుకుని, పేరు మార్చుకు రమ్మన్నారు. మార్చాను. ఆఫీసు రికార్డుల్లో దీని పేరు లాగుడు కార్డు.

బహుళ చవితి

తేడా ఏమిటో రాస్తాను. మీరు ఎంత తెలివైనవారైనా చదవండి, నేనూ తెలివైనదాన్నే.

గేటును ఎత్తేది నూనె ఒత్తిడి. ఆ నూనెకు దారి ఇచ్చేది ఒక వాల్వు. వాల్వును లాగేది దాని మీది కాయిల్. కాయిల్‌లో కరెంటు పారితే గేటు లేస్తుంది, ఆగితే తన బరువుకు తానే దిగి మూసుకుంటుంది. పాత కార్డు కాయిల్‌కు ప్లస్‌ను పంపేది. కాయిల్ రెండో కొస ఎప్పుడూ మైనస్‌కే కట్టి ఉండేది. కొత్త కార్డుది తిరగేసిన పద్ధతి. కాయిల్ ఒక కొస ఎప్పుడూ ప్లస్ దగ్గరే కూర్చుంటుంది. రెండో కొసను కార్డు మైనస్‌కు లాగినప్పుడే కరెంటు పారుతుంది. తొట్టి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, కార్డు చేసేదల్లా అడుగున బిరడా పీకడం.

కాబట్టి పాత తీగలు ఉన్నవి ఉన్నట్టు తెచ్చి ఇందులో గుచ్చితే కుదరదు. మెయిన్ స్విచ్ తీసి, తాళం వేసి, తాళంచెవి నా జేబులో వేసుకుని, మీటర్ పెట్టి చూసి, మళ్ళీ చూసి, అప్పుడు మొదలుపెట్టాను. ప్రతి కాయిల్‌కూ ఒక ఫ్యూజు. ఒక్కో అవుట్‌పుట్ అర ఆంపియర్ మోస్తుంది, మన కాయిల్ ఆంపియర్‌లో పదింట నాలుగు వంతులు తాగుతుంది. మొత్తం కార్డు మాత్రం రెండు ఆంపియర్లకు మించి మోయదు. అందుకని ఒకేసారి నాలుగు గేట్లకు మించి ఎత్తకుండా ప్రోగ్రాములో కట్టడి పెట్టాను.

ప్రతి కాయిల్ మీదా తిరగేసి ఒక డయోడ్ కట్టాలి. కరెంటు ఆపిన క్షణంలో కాయిల్ కోపంతో వందల వోల్టులు వెనక్కి కక్కుతుంది, డయోడ్ దాన్ని మింగుతుంది. ఈ పాఠం కాలేజీలో చెప్పిన రోజు నేను క్లాసులోనే ఉన్నాను. అయినా మొదటి గేటుకు డయోడ్ మరిచిపోయాను. చిన్న పొగ, జీడిపప్పు మాడిన వాసన, ఒక అవుట్‌పుట్ స్వర్గస్థం. కార్డుకు పదహారు ఉన్నాయి, మనకు కావలసినవి ఎనిమిదే. దేవుడు ఇంజనీర్లను తలుచుకునే స్పేర్లు సృష్టించాడు.

సాయంత్రానికి ఎనిమిది గేట్లూ లేచాయి, దిగాయి. గట్టు మీద జనం చప్పట్లు కొట్టారు. పెద్ద లస్కరు ఏసుపాదం బాబాయ్ మాత్రం చప్పట్లు కొట్టకుండా పెట్టె దగ్గరకు వచ్చారు. నలభై ఏళ్ళుగా గేట్లు చూసుకుంటున్న మనిషి, ఇల్లు తూర్పుపేటలోనే. ఇది పాతదానిలాగే పనిచేస్తుందా, వేరేగానా అని అడిగారు. లేస్తుంది, దిగుతుంది, లోపలి సంగతి మీకెందుకు బాబాయ్ అన్నాను. సరే డిగ్రీ అని వెళ్ళిపోయారు. ఆయన నన్ను పేరుతో పిలవరు.

బహుళ షష్ఠి

ఆరో గేటు పోటులో లేచింది.

ఉదయం పదకొండు గంటలు. గేటు మూసి ఉంది, ఇవతల కాలువలో నీళ్ళు మోకాలు లోతు. ఏసుపాదం బాబాయ్ కాలువలోకి దిగి గేటుకు పట్టిన ఆలిచిప్పలు గీకుతున్నారు. గేటు మూసి ఉన్నప్పుడే చేయగల పని అది. నూనె పంపు గంటకోసారి పది నిమిషాలు తిరుగుతుంది, మన సోలారుకు అంతకు మించి ఓపిక లేదు. పంపు తిరగడం మొదలైంది, గేటు లేవడం మొదలైంది. ఎత్తమని ఎవరూ చెప్పలేదు. బాబాయ్ నిచ్చెన అందుకున్నారు కాబట్టి బతికారు. పైకి పరుగెత్తి ఏవో తీగలు సర్ది దించారు. ఈలోపల తూర్పుపేట వీధుల్లో మోకాలు లోతు సముద్రం, ఒకరి వంటింట్లో రెండు మాగ చేపలు. వాళ్ళు వండుకున్నారని విన్నాను. మనోధైర్యం అంటే అది.

నేను రోజంతా ఆరో గేటును పరీక్షించాను. ఎత్తమంటే ఎత్తింది, దించమంటే దించింది. బుద్ధిమంతురాలు.

బహుళ అష్టమి

ఈసారి మూడో గేటు. ఈసారీ పోటులోనే, ఈసారీ ఏసుపాదం బాబాయ్ కిందికి దిగి గీకుతుండగానే. చెయ్యి కోసుకుపోయింది, ఆరు కుట్లు.

మిగతా గేట్లు ఒక్కటీ కదల్లేదు. మూడో గేటు వాల్వును ఇవాళ నూట నలభైసార్లు తెరిచి మూశాను. కార్డు తప్పు లేదు, డయోడ్లు తప్పు లేదు, ప్రోగ్రాము తప్పు లేదు. ఆయన దిగిన గేటే లేస్తుందని ఊరంతా పాకింది. టీ కొట్టు దగ్గర ఒకడు, ఏసుపాదం గారిని తీసుకెళ్ళి ఊరి మధ్యలో నిలబెడితే ఊరే సముద్రమట్టానికి పైకి లేస్తుందేమో అన్నాడు. నేనూ నవ్వాను. తర్వాత బాబాయ్ అక్కడే బల్ల చివర కూర్చుని ఉండటం చూశాను. కట్టు కట్టిన చేత్తో టీ తాగుతున్నారు. నా టీ అక్కడే వదిలేసి వచ్చాను.

బహుళ నవమి

ముత్యవేణి గారు పిలిపించారు. ఆవిడ తిట్టే మనిషి కాదు, అదే కష్టం. బల్ల మీద ఒక కాగితం, దాని పక్కన పెన్ను.

"తీగల పనిలో లోపం లేదని నువ్వు సంతకం పెడితే ఏసుపాదాన్ని గేట్ల మీంచి తప్పిస్తాను. లోపం ఉందంటే కార్డు పీకించి పేట ఖాళీ చేయిస్తాను. నాకు ఆరు రోజులే ఉన్నాయమ్మా. రెంట్లో ఏదో ఒకటి చెప్పు."

మధ్యలో ఒకటేమైనా ఉందా అని అడిగాను. ఉంటే నువ్వే కనిపెట్టి తీసుకురా అన్నారు.

సంతకంలో మొదటి అక్షరం దాకా వెళ్ళాను. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. నూట నలభైసార్లు పరీక్షించినదాన్ని, నాకు తెలిసినంతలో లోపం లేదు, సంతకం అబద్ధం కాదు. కానీ ఆ నూట నలభైసార్లూ గేటు దగ్గర నేనున్నాను, ఆయన లేరు. ఆయన అక్కడ ఏం చేస్తారో నాకు తెలియదు. అడగను కూడా అడగలేదు. ఒక్కరోజు గడువు పుచ్చుకుని వచ్చాను.

బహుళ దశమి

కాలువలోకి దిగవద్దు, దిగేముందు ఎప్పుడూ ఏం చేస్తారో అది మాత్రం చేసి చూపించండి అని ఏసుపాదం బాబాయ్‌ను బతిమాలాను. ఏముంటుందమ్మా చూపించడానికి అన్నారు. ఆరో గేటు దగ్గరకు వెళ్ళాం. చెప్పులు విప్పారు. తలపాగా బిగించారు. గేటు పక్కనున్న జంక్షన్ డబ్బా తెరిచారు. కార్డు నుంచి వచ్చే తీగను కాయిల్ తీగ నుంచి విడదీశారు. కాయిల్ తీగ కొసను గేటు ఇనుప చట్రం మీదున్న బోల్టుకు మూడు చుట్లు చుట్టి ముడి వేశారు. తర్వాత గీకుడు కత్తి తీసుకున్నారు.

నేను ఆ కత్తి పట్టుకుని ఆపాను.

అదేమిటని అడిగితే ఆయన విస్తుపోయారు. నడిచేముందు లేచి నిలబడతావెందుకు అని అడిగినట్టు ఉంది ఆయన మొహం. లస్కర్లందరూ చేసేదే. గట్టు వేసిన పన్నెండో ఏట ఆయన అన్న దానయ్య గేటు కింద ఉండగా, పక్క తీగ ఒరుసుకుని దొంగ కరెంటు ఎక్కి గేటు లేచిందట. మనిషి దొరకలేదు. ఆ రోజు నుంచి దిగేముందు తీగను ఇనుముకు కట్టనిదే లస్కరు ఎవడూ కాలువలో కాలు పెట్టడు.

"ఊరకే ఒదిలేసిన తీగ ఎవుడి మాట ఇంటాదమ్మా? ఇనుముకి కట్టేస్తే ఇంక భూమి చూసుకుంటాది."

పాత కార్డుకు ఇది బంగారంలాంటి పద్ధతి. కాయిల్ రెండు కొసలూ మైనస్‌లోనే ఉంటాయి, ఎక్కడి దొంగ కరెంటూ దాన్ని లేపలేదు. కానీ ఇప్పుడు కాయిల్ ఒక కొస ఎప్పుడూ ప్లస్ మీదే కూర్చుని ఉంది. మన మైనస్ గేట్ల ఇనుముతో కలిసే ఉంది. కార్డు చేయవలసిన పని, అంటే రెండో కొసను మైనస్‌కు లాగడం, బాబాయ్ తన చేత్తో చేసేస్తున్నారు. వాల్వు తెరుచుకుంటుంది, చెవి పెడితే తప్ప వినబడనంత చప్పుడుతో. పంపు తిరిగినప్పుడు గేటు లేస్తుంది. ఆయన పరుగెత్తి తీగ విప్పి మళ్ళీ కార్డుకు కలిపేసరికి దిగుతుంది. అందుకే ఎవరికీ ఏమీ దొరకలేదు. కొత్త కార్డు పెట్టాక కాలువలోకి దిగినది కూడా ఆయనొక్కరే.

డబ్బాలో చెయ్యి పెట్టి కాయిల్‌ను ముట్టుకోమన్నాను. వెచ్చగా ఉంది. ముడి విప్పాను, లోపల చిన్నగా టక్ మంది. మళ్ళీ కట్టాను, టక్. ఆయన ఇంకోసారి తానే విప్పి, కట్టి చూశారు. నలభై ఏళ్ళుగా ప్రాణం కాపాడిన ముడి ఇప్పుడు ప్రాణం తీస్తుందంటే ఎవరు నమ్మగలరు.

"మొన్న నేనడిగినప్పుడు చెప్పుంటే బాగుండును డిగ్రీ" అన్నారు చివరికి. కోపం లేదు. ఉంటే తేలికగా ఉండేది.

ముత్యవేణి గారికి మొత్తం చెప్పాను. తప్పు కార్డుది కాదు, ఏసుపాదానిది కాదు, అడిగినా చెప్పనిదానిది అని రాసి, ఈసారి పూర్తి సంతకం పెట్టాను. అమావాస్య లోపు సరిచేసి చూపించు, లేకపోతే పేట ఖాళీయే అన్నారు.

బహుళ ఏకాదశి

నేను చదువుకున్నదాన్ని కాబట్టి మొదట చేసిన పని సర్క్యులర్ రాయడం. ఇకమీదట ఏ లస్కరూ తీగను ఇనుముకు కట్టరాదు. విడదీసిన కొసను సైకిల్ ట్యూబు ముక్కలో చుట్టి గాలిలో వేలాడదీయవలెను. గడ్డకట్టిన భాషలో రాశాను, బల్ల మీద గుద్దినట్టు ఉంటుందని.

మెయిన్ తీసేసి లస్కర్లతో అభ్యాసం చేయించాను. ముందు సర్క్యులర్ చదివి వినిపించాను, అందరూ తలూపారు. తర్వాత పోటు తరుముకొస్తున్నట్టు కేకలు వేసి తొందరపెట్టాను. ఐదుగురిలో నలుగురు తీగను ఇనుముకే కట్టారు. అందులో ఇద్దరు కట్టేశాక, అయ్యో అనుకుని నావైపు చూశారు. చెయ్యి సర్క్యులర్ చదవదు.

ఐదోవాడు ఏసుపాదం బాబాయ్. ఆయన ట్యూబు చుట్టారు, సరిగ్గా చేశారు. కానీ తీగను అలా గాలికి వదిలి కాలువలోకి దిగడానికి కాళ్ళు రాక మెట్టు మీదే నిలబడిపోయారు. దిగకుండానే వెనక్కి వచ్చి నన్ను ఒక ప్రశ్న అడిగారు. నేను కట్టకపోయినా, ఏ దుంగో తగిలి తీగ తెగి తనే ఇనుము మీద పడితే?

గేటు లేస్తుంది. పోటులో లేస్తుంది.

నాలుగేళ్ళు చదివిన చదువులో ఈ ప్రశ్న నాకు నేను వేసుకోలేదు. కాలేజీ పుస్తకంలో ఈ మాట ఉంది, లాగుడు కార్డు తీగ భూమిని తాకితే యంత్రం తనంతట తానే నడుస్తుందని. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

బహుళ ద్వాదశి

వాన. సోలారు లేదు. గేట్లు మళ్ళీ చేత్తోనే. ఇవాళ నన్ను భుజాలు చూసి కూడా మినహాయించలేదు.

చక్రం తిప్పుతున్నప్పుడు తట్టింది. లస్కర్ల చేతుల్ని మూడు రోజుల్లో మార్చాలని చూస్తున్నాను. మార్చవలసినవి ఎనిమిది తీగలే. కార్డు చేసే లాగుడంతా ఈ పెట్టె లోపలే ముగిసిపోవాలి. పెట్టె దాటి గేటు దాకా వెళ్ళే తీగ పాతకాలపు తీగలాగే వెళ్ళాలి. ఆఫ్‌లో ఉంటే చచ్చి ఉండాలి, ఇనుముకు తగిలినా చచ్చే ఉండాలి. అప్పుడు లస్కర్ల ముడి మళ్ళీ సరైన ముడి అవుతుంది.

మధ్యలో రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్, పెడితే చాలు. కార్డు పెట్టెలో ఉన్న రిలేను లాగుతుంది. రిలే కాంటాక్టు ఫ్యూజు దాటిన ప్లస్‌ను గేటు కాయిల్‌కు పంపుతుంది. కాయిల్ రెండో కొస మళ్ళీ మైనస్‌కు. ఇరవై నాలుగు వోల్టుల రిలేలు ఎనిమిది కావాలి. ఊళ్ళో ఉన్నవి సున్న.

బహుళ చతుర్దశి

లారీలు ఇరవై నాలుగు వోల్టులవి. ఈ మాట గుర్తు చేసింది నేను కాదు, కుర్రతనంలో లారీ క్లీనరుగా తిరిగిన ఏసుపాదం బాబాయ్. పడమటి రేవు దగ్గర నీళ్ళలో ఒక లారీల యార్డు నిద్రపోతోంది. ఈతగాళ్ళు నిన్న పగలంతా మునిగి పద్నాలుగు హారన్ రిలేలు తెచ్చారు. మంచినీళ్ళలో కడిగి, ఎండబెట్టి, ఒక్కోదాన్నీ రెండొందలసార్లు కొట్టించి చూశాను. తొమ్మిది బతికాయి. ఎనిమిది పెట్టాను, ఒకటి మీ కోసం పెట్టె మూతకు టేపుతో అంటించాను.

మెయిన్ తీసి, తాళంచెవి ఈసారి బాబాయ్ జేబులో వేశాను. ప్రతి రిలే కాయిల్‌కూ డయోడ్, మరిచిపోలేదు. ఈసారి బాబాయ్ పక్కనే కూర్చుని ప్రతి తీగకూ ఇదేంటి, ఎటెల్తాది, తెగితే ఏమవుద్ది అని అడిగారు. చాలావాటికి జవాబు చెప్పాను. రెండు చోట్ల జవాబు లేక తీగ దారి మార్చాను. ఎనిమిది డబ్బాల్లో ప్లస్ మీదున్న కాయిల్ కొసను తీసి మైనస్‌కు మార్చాం. చివర ఆరో గేటు దగ్గర, ఆయన చేతనే తీగను బోల్టుకు కట్టించి పంపు తిప్పాను. పది నిమిషాలు ఇద్దరం గేటు అడుగు అంచును చూస్తూ నిలబడ్డాం. వెంట్రుకంత కూడా లేవలేదు.

ముత్యవేణి గారు చూసి వెళ్ళారు. పేటవాళ్ళను మాత్రం సామానుతో సహా గట్టు మీదకు చేరమన్నారు. నమ్మకం వేరు, పోటు వేరు అన్నారు. గట్టు నిలిస్తే రేపు మధ్యాహ్నం వెనక్కి, లేకపోతే పడమటికి.

అమావాస్య

ఉదయం ఎనిమిదికి ఎనిమిది గేట్లూ దించాం. తొమ్మిదింటికి సముద్రం గట్టు అంచుకు జానెడు కింద ఉంది. గట్టు మీద రెండొందల పది కుటుంబాలు, మంచాలు, బిందెలు, కోళ్ళగంపలు. ఎవరూ మాట్లాడటం లేదు, కోళ్ళు తప్ప.

తొమ్మిదింపావుకు ఎక్కడిదో ఒక తాటిదుంగ అలతో వచ్చి ఆరో గేటు చట్రాన్ని గుద్దింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. జంక్షన్ డబ్బా ఊడి, కాయిల్ తీగ తెగి, కొస చట్రం మీద కొట్టుకుంటోంది. నేను పెట్టె గది గుమ్మంలో ఉన్నాను. పంపు వంతు ఇంకో రెండు నిమిషాల్లో. రిలేలు పెట్టకముందు కట్టుడులో అయితే ఆ రెండు నిమిషాలే తూర్పుపేట ఆయుష్షు.

ఏసుపాదం బాబాయ్ నడుముకు తాడు కట్టుకుని చట్రం మీదకు పాకారు. కొట్టుకుంటున్న కొసను దొరకబుచ్చుకున్నారు. ఆలోచించలేదు, నేను చూస్తూనే ఉన్నాను, ఆ మనిషి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మూడు చుట్లు, ఒక ముడి. కట్టేశాక చేతివైపు చూసుకున్నారు, తర్వాత నావైపు. ఆ దూరం నుంచి కూడా ఆయన మొహంలో రక్తం లేదని తెలుస్తోంది.

పంపు తిరిగింది.

పది నిమిషాలు. రిలేలు ఎనిమిదీ నా ఎదురుగా నోరు మూసుకుని కూర్చున్నాయి. గట్టు మీద ఒక ముసలమ్మ ప్రార్థన చేస్తోంది, పక్కావిడ వేరే దేవుడికి. పంపు ఆగింది. ఆరో గేటు కింద కాలువ నీళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి.

బాబాయ్ తాడు పట్టుకుని వచ్చి గట్టు మీద కూలబడ్డారు. కట్టేశానమ్మా అన్నారు, తప్పు ఒప్పుకునేవాడి గొంతుతో. కట్టడానికే ఉంది బాబాయ్ అన్నాను. ఇంకా ఏదో గొప్పగా చెప్పాలనుకున్నాను, మూడు వాక్యాలు సిద్ధంగా కూడా ఉన్నాయి, వాటి బదులు ఆయన నడుము తాడు విప్పాను.

పదకొండున్నరకు నీరు తీయడం మొదలైంది. ముత్యవేణి గారు తూర్పుపేట ప్రతి వీధీ చెప్పులు లేకుండా నడిచి, పొడి పాదాలతో తిరిగి వచ్చారు. ఏమీ ప్రకటించలేదు. ఎవరిదో పరుపు చుట్ట చంకన పెట్టుకుని మెట్ల మీంచి పేటలోకి దిగారు, అంతే. వెనకాల జనం కదిలారు. గంటలో గట్టు ఖాళీ అవడం మొదలైంది.

నేను పుస్తకం తెరిచి ఇది రాస్తూ నిలబడ్డాను. ఏసుపాదం బాబాయ్ తన నులక మంచం ఒక కొస ఎత్తి పట్టుకుని నా ముందుకొచ్చి ఆగారు.

"రాసింది చాలు తన్మయీ. ఆ కొస పట్టుకో, ఇల్లు దగ్గరే."

పట్టుకుంటున్నాను. మిగతాది మంచం దించి వచ్చాక.